విడదీసే .22 రైఫిల్: సంపాదించే తీరు, మార్చుకోదగిన మేర

అడవిలోనో మంచు మైదానంలోనో విమానం కూలిపోతే, ప్రాణాలతో మిగిలిన పైలట్ సహాయం అందేవరకు కుందేలునో పక్షినో కొట్టుకొని కడుపు నింపుకోవాలన్న ఆలోచనతో, రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా వైమానిక దళం చిన్న చోటులో ఇమిడిపోయే రైఫిళ్లను తయారు చేయించింది. వాటిలో ఎం6 అనే రకానికి పైన .22 హార్నెట్ గొట్టం (.22 అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాలలో), కింద చిన్న గుళ్లు కాల్చే .410 బోరు గొట్టం ఉండేవి. మధ్యకు మడిచి సీటు దగ్గర పెట్టుకునేవారు. ఆర్మాలైట్ సంస్థలో యూజీన్ స్టోనర్ రూపొందించిన ఏఆర్-7 రైఫిలు 1959లో పౌరులకు అమ్మకానికి వచ్చింది. ఇది .22 లాంగ్ రైఫిల్ తూటాను కాల్చే అర్ధ స్వయంచాలక ఆయుధం, అంటే ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తరువాతిది దానంతటదే ఎక్కుతుంది. గొట్టం, రిసీవరు (తూటా ఎక్కించి పేల్చే యంత్రం ఉండే మధ్యభాగం), మ్యాగజైను (తూటాలు నింపే చిన్న పెట్టె) అన్నీ బోలుగా ఉన్న ప్లాస్టిక్ కుందాలోపలే, అంటే భుజానికి ఆనించే వెనక భాగంలోనే, ఇమిడిపోతాయి, నీటిలో పడితే తేలుతుంది. ప్రస్తుతం హెన్రీ సంస్థ తయారుచేస్తున్న రూపం మూడున్నర పౌండ్లు, అంటే దాదాపు 1.6 కిలోల బరువు. విడదీసి సర్దితే పొడవు పదహారున్నర అంగుళాలు. రష్యన్లు మరో దారి పట్టి, 1986 నుంచి తమ వ్యోమగాములకు టీపీ-82 అనే మూడు గొట్టాల పిస్తోలు ఇచ్చారు. దానికి తగిలించే కుందానే అడవిలో కొమ్మలు నరికే కత్తిగా కూడా పనికివచ్చేది.

నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలో ఇటువంటి తుపాకితో ప్రాణం నిలుపుకోవలసిన అవసరం ఎవరికీ రాదు. అమ్రాబాద్ అడవిలో దారితప్పినవాడికి కూడా కావలసింది నీళ్లు, టార్చిలైటు, ఛార్జి ఉన్న ఫోను. అయినా విడదీసే రైఫిలు మీద మన యువకులకు ఆసక్తి ఉంది. డల్లాస్‌లోనో చికాగోలోనో ఉన్న బంధువుల ఇంట్లో దాన్ని చూసివచ్చినవారికి మరీ ఎక్కువ. చిన్నదిగా ఉండడం, ఇంట్లో ఇనుప పెట్టెలో సులభంగా పట్టడం, రేంజ్‌కు బస్సులోనో కారులోనో నలుగురి కంట పడకుండా తీసుకువెళ్లగలగడం దానిలోని నిజమైన సౌకర్యాలు. ఆ సౌకర్యాన్ని మన చట్టం లోపల ఎలా పొందవచ్చో, పొందిన రైఫిలును ఎంతవరకు తనకు అనువుగా మలచుకోవచ్చో, ఎక్కడ చేయి ఆపాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ముందు కారణం, తరువాత రైఫిలు

చాలామంది ఏ రైఫిలు కొనాలన్న ప్రశ్నతో మొదలుపెడతారు. నిజానికి మొదటి ప్రశ్న, ఏ కారణం చూపి లైసెన్సు అడగాలన్నది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను ఈ విషయంలో అనుకున్నదానికన్నా స్పష్టంగా ఉంది. ఆత్మరక్షణకు లేదా క్రీడకు 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం ఉన్న తుపాకి, నిజమైన పంట రక్షణకు గొట్టం మూతినుంచి మందు కూరే తుపాకి (మన ఊళ్లలో బర్మార్ అనేది ఇదే), గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బులోనో సంఘంలోనో సభ్యుడైనవాడికి గురి సాధన కోసం తుపాకి: ఈ మూడు సందర్భాలను ఆ సెక్షను పేరుపెట్టి చెబుతుంది. తక్కిన కోరికలన్నిటికీ తగిన కారణం ఉన్నదని లైసెన్సు అధికారిని ఒప్పించవలసి ఉంటుంది. అందుచేత .22 మీద మనసున్నవారికి నేను చెప్పే దారి ఒక్కటే: మొదట క్లబ్బు సభ్యత్వం, తరువాత దరఖాస్తు. మనకు అందుబాటులో ఉన్న పెద్ద రేంజ్ హైదరాబాదులో గచ్చిబౌలి వైపు, కేంద్రీయ విశ్వవిద్యాలయం దగ్గర ఉన్నది. నార్కట్‌పల్లి మీదుగా నల్లగొండనుంచి వెళ్లినా, జడ్చర్ల మీదుగా పాలమూరునుంచి వెళ్లినా పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అక్కడ కొన్ని నెలలు క్లబ్బు రైఫిలుతోనే కాల్చి చూసినవారికి, సొంత రైఫిలు నిజంగా కావాలో వద్దో కూడా తేలిపోతుంది.

అడవి పందుల బెడద చెప్పి .22 అడగడం మాత్రం తెలివితక్కువ పని. వేరుశనగ, మక్కజొన్న చేలను పందులు ఎంత నాశనం చేస్తాయో పాలమూరు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ రెండున్నర గ్రాముల సీసపు తూటా ఎదిగిన పందిని చంపలేదు, గాయపరచి ఉసిగొల్పుతుంది. అంతేగాక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అధికారి వ్రాతపూర్వక అనుమతి లేకుండా దాన్ని కొట్టడమే నేరం. కృష్ణా తీరపు చేలలోకి వచ్చే కృష్ణజింకల సంగతి మరీ తీవ్రమైనది, అవి ఆ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

దరఖాస్తును ఎ-1 ఫారంలో జిల్లా కలెక్టరు కార్యాలయానికి, కమిషనరేట్ పరిధిలో ఉండేవారైతే పోలీసు కమిషనరుకు పెట్టుకోవాలి. వయసు 21 ఏళ్లు నిండి ఉండాలి. స్థానిక ఠాణా విచారణ చేసి నివేదిక పంపుతుంది. ఆయుధాన్ని సురక్షితంగా వాడడంలో శిక్షణ పొందినట్టు, ఇంట్లో తాళం వేసి భద్రపరుస్తామన్నట్టు, శారీరకంగా, మానసికంగా ఆరోగ్యంగా ఉన్నట్టు పత్రాలు 2016 ఆయుధ నియమాల ప్రకారం అవసరమవుతాయి. 2019 సవరణ తరువాత మామూలుగా ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, లైసెన్సు గడువు మూడేళ్లనుంచి ఐదేళ్లకు పెరిగింది. తాతల కాలంనుంచి ఇంట్లో పన్నెండు బోరు డబల్ బ్యారెల్ ఉన్నవారు ఈ రెండు అన్న లెక్కను మరచిపోవద్దు.

ఏది దొరుకుతుంది

అమెరికాలో దుకాణంలో కనబడే ఏఆర్-7గానీ, 2012లో వచ్చిన రూగర్ 10/22 టేక్‌డౌన్ (విడదీసే రకం) గానీ ఇక్కడ ఆశించవద్దు. అవి అర్ధ స్వయంచాలక రైఫిళ్లు. మన నియమాలు ఆ జాతిని వేరే, కఠినమైన తరగతిలో పెట్టాయి. గురి సాధనకు ఇచ్చే మామూలు.22 లైసెన్సు దానికి సరిపోదు. అక్కడినుంచి సూట్‌కేసులో తెచ్చుకోవచ్చునేమో అనే ఆలోచన ఇంకా ప్రమాదకరం. లైసెన్సు లేకుండా ఆయుధం దిగుమతి చేయడాన్ని 10వ సెక్షను నిషేధిస్తుంది. చట్టం ఇచ్చిన నిర్వచనంలో తుపాకి అంటే తుపాకి భాగాలు కూడా; అందుచేత ఒక్క గొట్టం, ఒక్క బోల్టు (తూటాను గొట్టంలోకి తోసి వెనక మూసే కడ్డీ) తెచ్చినా తుపాకి తెచ్చినట్టే లెక్క. విడదీసే రైఫిలు యజమాని ఈ నిర్వచనాన్ని ఎప్పుడూ గుర్తుంచుకోవాలి: మూడు ముక్కలుగా ఉన్నంత మాత్రాన అది తుపాకి కాకుండా పోదు, ఒక ముక్కను తమ్ముడి ఇంట్లోనో పొలం దగ్గరి కొట్టంలోనో దాచిపెడితే లైసెన్సు లేని మనిషి చేతికి ఆయుధం ఇచ్చినట్టవుతుంది.

ఇక్కడ న్యాయంగా దొరికేవి బోల్టు లాగి కాల్చే .22లు, అరుదుగా ముందు పిడిని వెనకకూ ముందుకూ జరిపి కాల్చే పంపు రకాలు. 1980ల తరువాత విదేశీ రైఫిళ్ల దిగుమతి దాదాపు ఆగిపోవడంతో పాత బ్రనో, బీఎస్‌ఏ రైఫిళ్లు లైసెన్సున్న డీలర్ల ద్వారా చేతులు మారుతూ ఉంటాయి, వాటి ధరలు అందుకే మండిపోతుంటాయి. 1932లో వచ్చిన వించెస్టర్ 61, 62 పంపు రైఫిళ్లు నిజమైన విడదీసే రకాలు, పక్కనున్న మర చేత్తో విప్పితే రెండు ముక్కలవుతాయి. మంచి స్థితిలో ఉన్నది కనబడితే వదులుకోవద్దని నా సలహా. మామూలు బోల్టు రైఫిలు కూడా కింది రెండు మరలు విప్పితే కుందా, గొట్టంతో కూడిన యంత్రభాగం వేరవుతాయి. కార్ఖానా దానికి టేక్‌డౌన్ అని పేరు పెట్టకపోయినా మన అవసరానికి అది సరిపోతుంది.

పాత రైఫిలు కొనేటప్పుడు పైమెరుగు చూసి మోసపోవద్దు. బోల్టు తీసి వెనకనుంచి గొట్టం లోపలికి వెలుతురు పట్టి చూస్తే లోపలి మెలిక గాడులు పదునుగా, మెరుస్తూ కనబడాలి. నల్లటి గుంటలు ఉంటే తుప్పు తిన్నదని అర్థం. గొట్టం మూతి అంచు మీద గీతలుంటే గురి కుదరదు. తూటా గది అంచున సూది (తూటాను కొట్టి పేల్చే భాగం) కొట్టిన గుంట ఉందేమో చూడాలి, ఎందుకంటే .22 తూటా అంచు మీద పేలేది గనుక ఖాళీ తుపాకిని పదేపదే కొట్టినవారి చేతిలో సూది నేరుగా గది అంచునే తొలిచేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, రైఫిలు మీద చెక్కిన నంబరు లైసెన్సులో రాసిన నంబరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. నంబరు చెరిపిన, మార్చిన తుపాకిని కొనడం, అమ్మడం చట్టం 8వ సెక్షను కింద నేరం.

అతుకు దగ్గరే అసలు కథ

విడదీసే రైఫిలును మెచ్చుకునేవారు దాని పొట్టితనాన్నే చూస్తారు. దాన్ని వాడేవారు మాత్రం అతుకును చూడాలి. ముందు సైటు (గురి చూసుకునే అమరిక) గొట్టం మీద, వెనక సైటు రిసీవరు మీద ఉన్న రైఫిలులో ఆ రెండింటి మధ్య అతుకు ఉంటుంది. ఏఆర్-7 అమరిక ఇదే. సైట్ల మధ్య దూరం 40 సెంటీమీటర్లనుకుంటే, బిగింపులో ఒక మిల్లీమీటరులో పదోవంతు తేడా వచ్చినా 50 మీటర్ల దూరంలో తూటా పన్నెండున్నర మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. అతుకు మధ్య ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు చాలు ఈ తేడా తేవడానికి. రెండు సైట్లూ గొట్టం మీదే ఉన్న రైఫిలుకు ఈ బాధ తక్కువ, ఎందుకంటే గొట్టం ఎటు తిరిగితే సైట్లూ అటే తిరుగుతాయి. దుర్భిణి పెట్టుకోదలచినవారు కూడా ఇదే సూత్రం పాటించి, వీలున్నచోట దాన్ని గొట్టంతోపాటు కదిలే భాగం మీద అమర్చుకోవాలి.

కలిపేటప్పుడు పాటించవలసిన క్రమం ఎప్పుడూ ఒకటే ఉండాలి. మొదట మ్యాగజైను తీసి, బోల్టు వెనక్కు లాగి, తూటా గదిలోకి కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోవాలి. కన్ను చెప్పింది నమ్మి వేలు పెట్టకపోవడం మంచి అలవాటు కాదు. తరువాత అతుకు రెండు వైపులా పొడి బనియన్ గుడ్డతో తుడిచి, ఏఆర్-7 వంటి రకమైతే ముందు రిసీవరును కుందాకు బిగించి, ఆపైన గొట్టాన్ని దాని గాడిలో సరిగా కూర్చోబెట్టి నట్టును చేత్తో గట్టిగా తిప్పాలి. ఆ నట్టు కాల్పుల మధ్యలో వదులవుతుంది గనుక ప్రతి మ్యాగజైను తరువాత ఒకసారి చేత్తో బిగించి చూసుకోవాలి. పట్టకారు వాడితే ప్లాస్టిక్ పగిలిపోతుంది.

రెండు మరల బోల్టు రైఫిలు విషయంలో ముందు మరను మొదట బిగించి, వెనక మరను తరువాత బిగించి, రెండింటి తలల మీద, పక్కనున్న లోహం మీద కలిపి సన్నని రంగు గీత ఒకటి గీసుకుంటే, విప్పి బిగించిన ప్రతిసారీ ఆ గీతలు కలిసేదాకా తిప్పితే చాలు. ఈ ఒక్క గీత ఖరీదైన పనిముట్లకన్నా ఎక్కువ పని చేస్తుంది. కలిపిన తరువాత మొదటి ఐదు తూటాలను 25 మీటర్ల కాగితం మీద కాల్చి, పాత తూటాల గుంపు ఎక్కడ పడిందో ఇప్పుడూ అక్కడే పడుతోందా అని పోల్చుకోవాలి. ఆ కాగితాలను తేదీ వేసి దాచుకునేవారికి ఏడాది తిరిగేసరికి మన వాతావరణం గురించి ఒక సంగతి తెలుస్తుంది: రోహిణి కార్తె ఎండలో కుదిరిన గురి పునర్వసు వానలకు మారిపోతుంది. చెక్క కుందా తేమకు ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకు నొక్కడమే దీనికి కారణం. గొట్టానికీ కుందాకూ మధ్య ఒక కాగితం స్వేచ్ఛగా జారేంత సందు ఉంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. ఆ సందు తీసే పనిని లైసెన్సున్న తుపాకి మరమ్మతుదారుకే అప్పగించాలి.

ఏది మార్చుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు

మార్పులన్నిటిలో మొదటిది, అతి చవకైనది, అతి ఎక్కువ ఫలితం ఇచ్చేది కుందా పొడవు. మోచేతిని మడిచి, మోచేతి లోపలి మడతనుంచి చూపుడువేలి మొదటి కణుపు వరకు కొలిచిన దూరానికి, కుందా చివరినుంచి ట్రిగ్గరుకు ఉన్న దూరం దగ్గరగా ఉండాలి. పొట్టి కుందా ఉన్న రైఫిలుకు వెనక రబ్బరు మెత్తనో చెక్క పలకనో చేర్చడం తిరిగి తీసేయగల మార్పు అవుతుంది. కుందా పొడవనిపిస్తే కొంత కోయించడం కూడా కుదురుతుంది గానీ, పిడి వరకు కోసి పిస్తోలు ఆకారం తేవడం ఎంతమాత్రం చేయకూడదు. ఆయుధాన్ని ఒక తరగతినుంచి మరో తరగతిలోకి మార్చడాన్ని 2019 సవరణ ప్రత్యేకంగా నిషేధించింది.

రెండోది సైట్లు. ఏఆర్-7 రకం రైఫిళ్ల వెనక సైటు ఒక చిన్న రేకు, దానికి పెద్ద రంధ్రం, చిన్న రంధ్రం రెండూ ఉంటాయి. కాగితం మీద గురికి చిన్నది, చీకటి పడే వేళకు పెద్దది అనువు. ముందు సైటు మొన మీద తెల్లని లేదా నారింజ రంగు నెయిల్ పాలిష్ ఒక చుక్క పెడితే మన మధ్యాహ్నపు ఎండలో నల్లటి సైటు నల్లటి గుండ్రంలో కలిసిపోకుండా ఉంటుంది. ఇష్టం లేకపోతే ఆసిటోనుతో తుడిచేయవచ్చు. చాలా .22 రైఫిళ్ల పైన 11 మిల్లీమీటర్ల గాడి ఉంటుంది, దానికి నాలుగు రెట్ల చిన్న దుర్భిణి చక్కగా సరిపోతుంది. అంతకు మించినది పెడితే కిలోన్నర రైఫిలు తలబరువుగా మారి, సంచిలో పట్టకపోవడంతో ప్రతిసారీ విప్పి బిగించవలసి వచ్చి, గురి ఏ రోజుకారోజు తప్పిపోతుంది. విడదీసే రైఫిలుకు పెద్ద దుర్భిణి అమర్చడం నా దృష్టిలో కొన్న కారణాన్నే కాదనుకోవడం.

భుజపు పట్టీ, మెత్తని అరలు కుట్టిన సంచి, మ్యాగజైనుకు విడి జేబు: ఇవన్నీ నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు. సంచిని మందపాటి కాన్వాసుతో, లోపల ఉన్ని బట్టతో కుట్టించాలి. పాత గడీలలో పన్నెండు బోరు తుపాకుల కోసం ఉండిన తోలు పెట్టెలు అందంగా ఉంటాయి గానీ తోలు తేమను పట్టి ఉంచుతుంది, దానిలో నెలల తరబడి ఉంచిన లోహం తుప్పు పడుతుంది.

ఇక ముట్టుకోకూడనివి. గొట్టాన్ని కోసి పొట్టి చేయడం 6వ సెక్షను నిషేధించిన పని, దానికి 25వ సెక్షను కింద ఏడేళ్లకు తగ్గని జైలు, యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చు. అమెరికాలో కూడా ఏఆర్-7 గొట్టం 16 అంగుళాలు ఉండడానికి కారణం అంతకన్నా పొట్టి రైఫిలుకు అక్కడ ప్రత్యేక నమోదు అవసరం కావడమే; డిజైనరు చట్టానికి లోబడి గీసిన గీతను మనం రంపంతో దాటనక్కరలేదు. పేలుడు శబ్దాన్నో మంటనో తగ్గించే సాధనం విడిగా ఉన్నా సరే, మన చట్టం దాన్ని తుపాకిగానే లెక్కిస్తుంది. ట్రిగ్గరు బరువును ఇంట్లో ఆకురాయితో అరగదీసి తగ్గించుకోవడం చట్టం మాట అటుంచి ప్రాణాల మీదికి తెచ్చే పని, ఎందుకంటే అరిగిన కొక్కెం రైఫిలు కింద పడిన కుదుపుకే జారిపోతుంది. మరమ్మతు చేయడానికి కూడా 5వ సెక్షను లైసెన్సు కోరుతుంది. కాబట్టి ఎంత పనిమంతుడైనా సరే, దేవరకొండ రోడ్డులోని లేత్ షాపు మిత్రుడికి గొట్టం అప్పగిస్తే అతన్నీ మనతోపాటు కేసులోకి లాగినట్టవుతుంది.

ఎండ, దుమ్ము, వాన

రైఫిలును మన వాతావరణంలో పాడుచేసేవి రెండు: ఎండాకాలపు సన్నటి దుమ్ము, వానకాలపు తేమ. గ్రానైటు క్వారీల దగ్గరి దుమ్ము ఆకురాయి పొడికి తక్కువది కాదు; నూనె ఎక్కువ పూసిన బోల్టు మీద అది పేస్టులా పేరుకొని లోహాన్ని అరగదీస్తుంది. మార్చి మొదలు మృగశిర వరకు బోల్టును దాదాపు పొడిగా ఉంచి, రాపిడి పడే చోట్ల మాత్రం చుక్క నూనె వేయాలి. వానలు పడ్డాక బయటి లోహమంతా పలుచగా నూనె గుడ్డతో తుడవాలి. కుట్టుమిషన్ నూనె ఈ పనికి బాగానే ఉంటుంది. కొబ్బరి నూనె వాడేవారున్నారు, అది చలికాలపు ఉదయం గడ్డకట్టి, పాతబడితే జిగురుగా మారి సూదిని పట్టేస్తుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి, నెలకొకసారి ఎండలో ఆరబెట్టి తిరిగి వేయాలి.

.22 గొట్టాన్ని అతిగా శుభ్రం చేసి చెడగొట్టినవారే ఎక్కువ. సీసపు తూటాకు పైన మైనపు పూత ఉంటుంది, అది గొట్టానికి కొంత రక్షణ ఇస్తుంది. కాల్పుల తరువాత వెనకవైపునుంచి రెండు మూడు గుడ్డ ముక్కలు తోస్తే చాలు. విడదీసే రైఫిలులో గొట్టం చేతికి విడిగా వస్తుంది గనుక వెనకనుంచి శుభ్రం చేయడం సులభం, మూతినుంచి ఇనుప కడ్డీ దూర్చి అంచు గీరుకునే అవసరమే ఉండదు. తూటాలు నిలవ ఉంచే చోటు చల్లగా, పొడిగా ఉండాలి. మే నెలలో మధ్యాహ్నం నిలిపిన కారు డిక్కీ అందుకు తగిన చోటు కాదు. ఏ తూటా తమ రైఫిలుకు కుదురుతుందో రేంజ్‌లో పరీక్షించి తేల్చుకుని, లైసెన్సులో రాసిన సంఖ్యకు లోబడి, కుదిరిన రకాన్నే కొనాలి. అర్ధ స్వయంచాలక రకాలు వేగం తక్కువ తూటాతో తడబడతాయి, మ్యాగజైను పెదవులు కాస్త వంగినా తూటా అడ్డం పడుతుంది. బోల్టు రైఫిలుకు ఆ ఇబ్బంది లేదు, నెమ్మది తూటాతోనే అది తరచుగా మంచి గుంపు ఇస్తుంది.

పొలం గట్టున నిలబడి సీసా మీదో గుట్ట రాయి మీదో కాల్చి చూద్దామన్న సరదా మాత్రం అణచుకోవాలి. లైసెన్సు ఇచ్చింది క్లబ్బులో సాధనకు. పైగా మన గుట్టలన్నీ గట్టి రాయి; .22 సీసపు తూటా రాయి మీదనుంచి, చెరువు నీటి మీదనుంచి కూడా ఎగిరి ఎటు పోతుందో చెప్పలేము. అడ్డు లేకపోతే అది ఒకటిన్నర కిలోమీటరు దాటి పోగలదు. 50 మీటర్లకు గురి కుదిర్చిన రైఫిలులో 100 మీటర్ల దగ్గర తూటా పదిహేను సెంటీమీటర్లు, అంతకు మించి కిందికి జారుతుంది గనుక, రేంజ్‌లో కూడా దూరం మారినప్పుడు గోడ ఎత్తు చూసుకునే కాల్చాలి. పెళ్లి ఊరేగింపులో సంతోషానికి కాల్చడం ఇప్పుడు విడిగా నేరం, రెండేళ్ల వరకు జైలో, లక్ష రూపాయల వరకు జరిమానానో, రెండూనో పడవచ్చు.

దారిలో, ఠాణాలో, వారసుల చేతిలో

ప్రయాణంలో రైఫిలు విడదీసి, ఖాళీగా, తూటాలు వేరే పెట్టెలో తాళం వేసి ఉండాలి. లైసెన్సు అసలు ప్రతి చేతిలో ఉండాలి. లైసెన్సు చెల్లే ప్రాంతం ఏదో దానిలోనే రాసి ఉంటుంది, కర్నూలు వైపు వెళ్లేవారు రాష్ట్ర సరిహద్దు దాటేముందు దాన్ని చదువుకోవాలి. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటితే పులుల అభయారణ్యం. వ్రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో ప్రవేశించడాన్ని వన్యప్రాణి చట్టం 31వ సెక్షను నిషేధిస్తుంది. దైవదర్శనానికి పోయేరోజు రైఫిలును ఇంట్లోనే ఉంచడం మేలు.

ఎన్నికలు వచ్చినప్పుడు అధికారులు ఆదేశిస్తే ఆయుధాన్ని ఠాణాలోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలి. అది కొన్ని వారాలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువకాలం అక్కడే ఉంటుంది గనుక, ఇచ్చేముందు గొట్టం లోపలా బయటా మామూలుకన్నా మందంగా నూనె పూసి, తీసుకున్నాక మొదటి తూటాకు ముందు ఆ నూనె పూర్తిగా తుడిచేయాలి. విడదీసే రైఫిలును జమ చేసేటప్పుడు అన్ని ముక్కలూ ఒకే సంచిలో ఇచ్చి, రసీదులో రైఫిలు నంబరుతోపాటు గొట్టం, బోల్టు, మ్యాగజైన్ల సంఖ్య, దుర్భిణి ఉంటే దాని సంగతి విడివిడిగా రాయించుకోవాలి. ఒక ముక్క ఇంట్లో మిగిలిపోతే జమ చేయనట్టే.

యజమాని చనిపోతే రైఫిలు ఇంట్లో ఉండడానికి వీల్లేదు. కుటుంబ సభ్యులు దాన్ని వెంటనే ఠాణాలోనో డీలరు దగ్గరో అప్పగించి, వారసుల్లో ఒకరు తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. బతికుండగానే డెబ్బై ఏళ్లు నిండినవారు, లేదా ఆయుధాన్ని ఇరవై ఐదేళ్లు ఉంచుకున్నవారు తాము ఎంచుకున్న వారసుడి పేరు సూచించడానికి 2016 నియమాలు అవకాశం ఇస్తున్నాయి. ఆ వారసుడికి కుందా పొడవు సరిపోకపోతే, యజమాని చేర్చిన రబ్బరు మెత్తను తీసివేసి కొత్తది బిగించుకోవచ్చు.